తులాధారుని త్రాసు

ఇండ్లు, స్థలములు, పొలములు చేతులు మారునపుడు నడుమ నిలిచి జీవించువారిని లోకము ‘దళారి’ యను ఒక్క పదముతో తేల్చివేయును. బేరము కుదిరినచో ఇరుపక్షములవారును తమ తెలివినే మెచ్చుకొందురు. చెడినచో ఇరువురును మధ్యవర్తినే నిందింతురు. ఎండలో తిరుగుట ఈ వృత్తిలో పెద్ద కష్టము కాదు. అసలు కష్టము మనస్సుది.

నెలజీతగానికి ఒకటవ తేదీ యున్నది. రైతునకు పంటకాలమున్నది. మధ్యవర్తికి అట్టి గడువేదియు లేదు. అతడు పదిమందికి స్థలము చూపినచో తొమ్మండుగురు “ఇంట్లో అడిగి చెబుతామండీ” అని వెళ్ళి మరల కనిపింపరు. పదవవాడు బయానా ఇచ్చును. అటుపై ఇ.సి. తీయించుట, లింకు దస్తావేజులు సేకరించుట, వకీలుకు చూపుట, బ్యాంకు చుట్టు తిరుగుట. తీరా రిజిస్ట్రేషను నాటి ఉదయమున అమ్మువాని తమ్ముడొకడు సంతకము పెట్టనని మొండికేయును. మూడు నెలల శ్రమ ఆ ఒక్క మాటతో ముగియును. కమీషను చాలవరకు చేతికి వచ్చునది ఆనాడే గదా! ఇక ఆషాఢము వచ్చినను, మూఢము వచ్చినను బేరమను మాటయే వినువారుండరు.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. బయానా పడిన రాత్రియే అతడు రానున్న కమీషనును మనస్సులో ఖర్చు పెట్టివేయును. కుమార్తె కాలేజీ ఫీజు, తల్లి కంటి ఆపరేషను, కారుచున్న ఇంటి కప్పు — అన్నియు ఆ రాత్రి తీరిపోవును. కావున బేరము చెడిననాడు అతడు పొందు దుఃఖము రాని ధనమునకై కాదు, పోయిన ధనమునకై. ఎన్నడును తనది కానిదానిని పోగొట్టుకొన్నవాని దుఃఖమది.

ఈ ఆటుపోటులు ఎంతటివి కాగలవో కృష్ణాతీరమున మనము చూచియే యున్నాము. రాష్ట్ర విభజన జరిగిన 2014లోనే రాజధాని వార్తతో తుళ్ళూరు పరిసరములలో భూముల ధరలకు రెక్కలు వచ్చినవి. రైతులు 30,000 ఎకరములకు పైగా భూసమీకరణకు ఇచ్చిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. నిన్నటివరకు ఎరువులమ్మినవాడును, ఆటో నడిపినవాడును మధ్యవర్తులైరి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన శాసనసభలో వినవచ్చుటతో బేరములు చతికిలబడెను. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు అమరావతి పక్షమున వచ్చెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప మరల కదలిక కలిగెను. ఇన్నేండ్లలో ఆ మట్టి మారలేదు, మారినది మాట. 2015 నాటి పొంగును తన ప్రతిభగా నెంచుకొన్నవాడే 2019లో తన బ్రతుకు వ్యర్థమని క్రుంగెను. ఆ పొంగును అతడు తెచ్చినది కాదు, ఆ పాటును అతని వలన వచ్చినది కాదు.

సుఖదుఃఖములను సమముగా చూడుమని గీతోపదేశము. ఈ వృత్తిలో ఆరితేరినవారును క్రొత్తవారికి ఇంచుమించు అదే చెప్పుదురు: “దేన్నీ మనసుకు పట్టించుకోకు.” రెండును ఒకటియేనా? కాదనియే మా యభిప్రాయము. పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయుడొకడు తన సొమ్మంతయు ఒక స్థలమునకు బయానాగా పోసెననుకొందము. ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో నున్నదని తరువాత తేలినది. అప్పుడును చలింపని మధ్యవర్తిని స్థితప్రజ్ఞుడందుమా? పదేపదే దెబ్బ తిని మొద్దుబారిన చర్మమునకు వైరాగ్యమను పేరు పెట్టుట తగదు.

మహాభారతము శాంతిపర్వమున జాజలి యను తపస్వి కథ యున్నది. తన జటలలో పక్షులు గూడు కట్టుకొని పిల్లలను పెట్టినను కదలకుండ నిలిచినవాడు! ఆ గర్వముతో నున్నవానికి, వారణాసిలోని తులాధారుడు నీకంటె మిన్న యను మాట వినవచ్చెను. వెళ్ళి చూడగా అతడు సరకులమ్ముకొను వర్తకుడు. తన త్రాసు సర్వప్రాణులయందును సమముగా నిలుచుననుటయే అతడు చెప్పిన ధర్మసారము. కదలకుండుటలో జాజలిని మించువాడెవడు? అయినను మహర్షి అతనిని పంపినది త్రాసు పట్టినవాని వద్దకు.

త్రాసు ముల్లు కదలును. బరువు పడినంతనే ఒరుగును, ఊగును, పిదప నిజమైనచోట నిలుచును. త్రుప్పు పట్టి బిగిసిన ముల్లును చూచి సమత్వమని ఎవ్వరనరు. మధ్యవర్తి మనస్సును అట్లే కదలవచ్చును. కొనువాని భయమునకు కదలవలెను, పిల్ల పెండ్లికై పొలమమ్ముకొనువాని దిగులునకు కదలవలెను. తట్టలో వేయరానిది తన కమీషను మాత్రమే.

చెప్పుట సులువు. కడుపు కాలునపుడు ముల్లును వ్రేలితో తాకకుండుట సులువు కాదు. ‘రెరా’ యని పిలువబడు 2016 నాటి చట్టము, తన పరిధిలోని ప్రాజెక్టులలో స్థలములు, ఇండ్లు ఇప్పించు ఏజెంట్లు పేరు నమోదు చేయించుకొనవలెననియు, లేని సౌకర్యములను ఉన్నవని చెప్పరాదనియు విధించినది. మంచిదే. కాని ఆ వ్రేలి సంగతి ఏ చట్టమునకు తెలియును? అందుచే ఈ వృత్తిలోని వివేకవంతులు కొన్ని చిన్న కట్టుబాట్లు తామే పెట్టుకొందురు. రిజిస్ట్రేషను పూర్తి కానిదే కమీషను మాట ఇంటిలో ఎత్తరు. మంచి నెలల రాబడిలో ఆషాఢమునకు కొంత దాచుదురు. ఇవి తపస్సులు కావు; కాని వచ్చు నెల అద్దె చేతిలో నున్నవానికి నిజము చెప్పుట కొంత తేలిక.

లింకు దస్తావేజులో ఒక వారసుని సంతకము లేదని తానే కొనువానికి చెప్పి, బేరము పోగొట్టుకొన్న మధ్యవర్తికి ఆ సాయంకాలము దుఃఖము కలుగును. కలుగనిండు. అందులో తప్పేమున్నది? ఇంటిలో ఎవరైన అడిగినచో “పోయిందే” అని చెప్పి భోజనమునకు కూర్చుండును. మరునాడు పది గంటలకు మరియొకరికి స్థలము చూపవలసి యున్నది.