వేషం ఎవరిది, మాట ఎవరిది?

రాజాం అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది తాండ్ర పాపారాయుడు. 1757లో బొబ్బిలి కోట కూలాక విజయరామరాజును గుడారంలోనే చంపి పగ తీర్చుకున్న వీరుడు. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాలో ఆ వేషం ఎస్.వి. రంగారావు కట్టారు. 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ సినిమాలో కృష్ణంరాజు కట్టారు. ఒకరిది నూజివీడు, ఇంకొకరిది మొగల్తూరు. మా ఊరి వీరుడి వేషం ఎక్కడివాళ్ళో కట్టడమేమిటని రాజాంలో ఎవరైనా గొడవపడినట్టు మేము వినలేదు. బాగా కట్టారా లేదా అన్నదే చూశారు.

మరి కొమరం భీము వేషం దగ్గరికి వచ్చేసరికి ఆదివాసులం మేమెందుకు ఉలిక్కిపడతాం? ఇది మా పట్టింపా, న్యాయమా? కొండమీద పుట్టి, మైదానంలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మేము ఈ ప్రశ్నను తప్పించుకోలేం.

ముందు ఎదుటివాళ్ళ వాదనే గట్టిగా చెప్పుకుందాం. అవంతిక వందనపు 2005లో కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన అమ్మాయి. 2016లో ‘బ్రహ్మోత్సవం’, ‘మనమంతా’ సినిమాల్లో చిన్నపిల్లగా కనిపించింది. తర్వాత అమెరికా టెలివిజన్‌లో నిలదొక్కుకుంది. 2021లో డిస్నీ ఛానెల్ వారి ‘స్పిన్’లో ప్రధాన పాత్ర వేసింది. 2024లో ‘మీన్ గర్ల్స్’ సినిమాలో కేరెన్‌గా వేసింది. 2004లో వచ్చిన పాత సినిమాలో ఆ పాత్ర పేరు కేరెన్ స్మిత్. అవంతిక వేసేసరికి కేరెన్ శెట్టి అయింది. అదే ఏడాది రపుంజెల్ అనే రాకుమారి పాత్ర కూడా ఆమెకే వస్తుందని పుకారు పుట్టింది. కంపెనీ ప్రకటించింది ఏమీ లేదు. ఆ పుకారుకే ఆ అమ్మాయి ఒంటిరంగు మీద తిట్లు కురిశాయి. బంగారు జుట్టు తెల్లపిల్ల వేషం ఈమె కడుతుందా అన్నారు.

ఎవరికైనా కోపం రావాలి. మాకూ వచ్చింది. అయితే మైదానపు మిత్రుడు ఇక్కడే మమ్మల్ని పట్టుకుంటాడు: “తెల్లవాళ్ళ వేషం తెలుగుపిల్ల కట్టొచ్చంటారు. గోండు వేషం గోండేతరుడు కట్టకూడదంటారు. ఒక నోటికి రెండు మాటలా?”

ఈ మాటను కొట్టిపారేయలేం. ఏ జాతి వేషం ఆ జాతే కట్టాలని నియమం పెడితే అది మొదట మా మెడకే చుట్టుకుంటుంది. మా పిల్లవాడు జీవితమంతా విల్లంబులు పట్టుకునే నిలబడాలి. డాక్టరు వేషం, జడ్జి వేషం, ప్రేమికుడి వేషం వాడికి అందవు. కాబట్టి రక్తం చూసి వేషం పంచడం మాకు సమ్మతం కాదు.

పోనీ, ఆదివాసి వేషం ఆదివాసికే ఇస్తే న్యాయం జరిగిపోతుందా? అమెరికా టెలివిజన్ చరిత్ర ఏం చెబుతుందో చూడండి. జే సిల్వర్‌హీల్స్ 1912లో కెనడాలో మోహాక్ తెగలో పుట్టాడు. 1949 నుంచి 1957 దాకా ‘లోన్ రేంజర్’ ధారావాహికలో టోంటో పాత్ర వేశాడు. ఇంటింటా తెలిసిన ముఖం అయ్యాడు. కాని టోంటో పని తెల్ల వీరుడి పక్కన నడవడం. వచ్చీరాని ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా మాట్లాడటం. స్పానిష్‌లో టోంటో అంటే తెలివితక్కువవాడు. కట్టినవాడు ఆదివాసే. నోట్లో పెట్టిన మాట మాత్రం ఆదివాసిది కాదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోలేదు. 1966లో తనవాళ్ళకు నటన నేర్పడానికి లాస్ ఏంజెలిస్‌లో ఒక శిక్షణశాల పెట్టాడు. 1979లో హాలీవుడ్ కాలిబాట మీద ఆయన పేరుతో నక్షత్రం వేశారు. మరుసటి ఏడాదే పోయాడు. నక్షత్రం కంటే ఆ శిక్షణశాలే పెద్ద పని అని మాకనిపిస్తుంది.

దీనికి తలకిందుల కథ ఇంకొకటి ఉంది. 1971లో అమెరికా టీవీలో చెత్త వేయవద్దని ఒక ప్రకటన వచ్చింది. పాడైన నేలను చూసి ఒక ఆదివాసి కన్నీరు పెడతాడు. ఆ నటుడు ఐరన్ ఐస్ కోడీ. ఆయన తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలసవచ్చినవాళ్ళని 1996లో ఒక పత్రిక బయటపెట్టింది. ఆయన బతికినంతకాలం తాను ఆదివాసినే అన్నాడు. 2023లో ఆ ప్రకటన హక్కులు అక్కడి ఆదివాసుల జాతీయ సంస్థకే చేరాయి. వాళ్ళు దాన్ని ఇక చూపకుండా ఆపేశారు. భూమి పోగొట్టుకున్నవాళ్ళు బతికే ఉండగా, వాళ్ళ కన్నీరు ఇంకొకరు కార్చి చూపారు. వాళ్ళకు మిగిలింది నోరు మూసుకుని చూడటమే.

అయితే తేడా ఎక్కడుంది? తలుపు దగ్గర ఉంది. రంగారావు పాపారాయుడి వేషం కట్టినా రాజాంవాళ్ళకు పోయింది లేదు. వాళ్ళ భాషే తెర భాష. వాళ్ళ కథ చెప్పేవాళ్ళు వందమంది. తెల్లపిల్లల కోసం రాసిన రాకుమారులు ఎందరో ఉన్నారు, ఒకటి అవంతికకు వెళ్ళినా వాళ్ళ గూడు చెదరదు. మాకు వందేళ్ళ తెరలో దొరికిన వీరులు వేళ్ళమీద లెక్కకొస్తారు. ఆ ఒక్కటీ ఇంకొకరి నోటితో మాట్లాడితే మాకు ఇంకో చోటు లేదు.

2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీము వేషం జూనియర్ ఎన్టీఆర్ కష్టపడి కట్టారు. మా బాధ ఆయన ముఖం గురించి కాదు. సినిమా చివర ఏం కావాలని అడిగితే భీము చదువు కావాలంటాడు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన అసలు భీము అంతకు చాలా ముందే చదవడం, రాయడం నేర్చుకున్నవాడు. నీరు, అడవి, భూమి మావని నిజాం ప్రభుత్వాన్ని నిలదీసినవాడు. సినిమా కల్పితమని తీసినవాళ్ళు ముందే చెప్పారు, ఒప్పుకుంటాం. కాని ఆ కల్పనలో అక్షరం ఎవరి చేతిలో పెట్టారు? చేయి ఎవరిచేత చాపించారు? బడిలో పలక పట్టుకు కూర్చున్న మా గూడెం పిల్లల ముందు నిలబడేవాళ్ళం కాబట్టి మేము అడగక తప్పదు.

బయటివాళ్ళు మా గురించి మాట్లాడకూడదని మేము అనం. మన శ్రీకాకుళం గడ్డమీద 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర కాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఏళ్ళ తరబడి సవర భాష నేర్చుకున్నాడు. సవరలకు బడులు పెట్టాడు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. మాట్లాడే ముందు విన్నాడు. సవరల నోటిలో తన మాట పెట్టలేదు, సవరల మాటనే కాగితం మీద పెట్టాడు. రక్తం కాదు, ఆ వినడమే ఆయనకు అర్హత.

కాబట్టి ఎవరు వేషం కట్టారని మాత్రమే అడిగితే చాలదు. ఆ మాటలు రాసేముందు మమ్మల్ని విన్నారా? మా వేషం మీరు కట్టినట్టే మీ వేషం మేము కట్టే వీలుందా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగిన రోజున భీము వేషం ఎవరు కట్టినా చప్పట్లు కొడతాం.

అది సినిమావాళ్ళ చేతిలో పని. మన చేతిలోనూ ఒక పని ఉంది. బడి వార్షికోత్సవం వస్తే గిరిజన పిల్లలకు ఆకులు కట్టి, ఈకలు పెట్టి, గెంతమనడం చాలాచోట్ల ఆనవాయితీ. ఈసారి ‘కన్యాశుల్కం’లో ఒక రంగం తీసుకుందాం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం, మన జిల్లా సొత్తు. గిరీశం వేషం సవర పిల్లవాడికి ఇద్దాం. మధురవాణి వేషం జాతాపు పిల్లకి ఇద్దాం. ఆ తర్వాత వాళ్ళ అమ్మమ్మలు చెప్పిన కథ ఒకటి వాళ్ళ భాషలోనే నాటకంగా రాయిద్దాం. అందులో వేషాలు మైదానపు పిల్లలకు కూడా ఇద్దాం. ఆ మాటలు ఎలా పలకాలో మాత్రం మన పిల్లలే నేర్పాలి.