లక్కయింట్లో ఆ ఆరుగురు

మహాభారతం ఆదిపర్వంలో లక్కయిల్లు తగులబడిన రాత్రి వారణావత పురజనులు ఏమి చేశారో వరుసగా చూస్తే, ఘోరమైన అగ్నిప్రమాదం తరువాత ఏ నగరమైనా ఎలా స్పందిస్తుందో చాలావరకు అందులోనే కనిపిస్తుంది. మంటలు చూసి వారు ఇంటి చుట్టూ చేరారు, విలపించారు. లక్క, నెయ్యి, జనపనార వంటి ఇట్టే అంటుకునే వస్తువులతో పురోచనుడు ఆ ఇంటిని కట్టింది దుర్యోధనుని పనుపుననే అని గ్రహించి, ధృతరాష్ట్రుని నిందించారు. తెల్లవారాక బూడిదను వెదకి ఒక స్త్రీ, ఐదుగురు పురుషుల దేహాలు చూసి, కుంతి, పాండవులు మరణించారని హస్తినకు కబురంపారు. అక్కడ ఉత్తరక్రియలు జరిగాయి. దుఃఖం, ఆగ్రహం, నేరారోపణ, ప్రభుత్వ లాంఛనాలతో సంతాపం అన్నీ ఉన్నాయి. కాని చనిపోయింది పాండవులు కారు. ఆ రాత్రి కుంతి చేసిన సంతర్పణకు వచ్చి, తిని, త్రాగి, ఒళ్ళు మరచి అక్కడే నిద్రించిన నిషాద స్త్రీ, ఆమె కొడుకులు ఐదుగురు. వారి దేహాలపై కారిన కన్నీరంతా వేరొకరి పేరున కారింది. వారి కోసం ఎవరైనా ఏడ్చినట్లు కథలో లేదు.

ఈ ఘట్టంలో కథానాయకుల ధర్మాధర్మాలను పండితులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. నా ప్రశ్న వారి గురించి కాదు, చుట్టూ చేరిన జనం గురించి. ఇల్లు కాలి మనుషులు పోయినప్పుడు చూచినవారి మీద, విన్నవారి మీద ఏదైనా బాధ్యత పడుతుందా? లేక వారి దుఃఖం హృదయధర్మం మాత్రమేనా, వచ్చినట్టే పోవడానికి దానికి హక్కుందా?

2025 మే 18, ఆదివారం. హైదరాబాదులో చార్మినారుకు సమీపాన గుల్జార్ హౌజ్ దగ్గర, కింద నగల దుకాణాలు, పైన నివాసం ఉన్న పాతకాలపు ఇంట్లో ఉదయం మంటలు లేచి 17 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది పిల్లలు. లోపలికి పోవడానికి సొరంగంలాంటి ఇరుకు దారి, పైకి ఎక్కడానికి ఒకే మెట్లదారి. (పాండవులను బ్రతికించిందీ సొరంగమే. విదురుడు ముందుగా ఖనకుణ్ణి పంపి త్రవ్వించాడు కనుక!) అగ్నిమాపక శకటాలు రాకముందే ఆ బజారులోని యువకులు, కుటుంబంతో ఏ బంధుత్వమూ లేనివారు, వేరే మతం వారు, షట్టరు విరిచి, గోడ పగులగొట్టి లోపలికి వెళ్ళే ప్రయత్నం చేశారు. లోపల ఉన్నది ఎవరని ఆ క్షణంలో ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నలన్నీ తరువాత వచ్చాయి. కేంద్రం రెండేసి లక్షలు, రాష్ట్రం ఐదేసి లక్షలు పరిహారం ప్రకటించాయి. శకటాలు ఆలస్యంగా వచ్చాయనీ, తగిన పరికరాలు లేవనీ ఆరోపణలు వినిపించాయి. వారం తిరిగేసరికి ఆ వార్త పత్రికల లోపలి పుటలకు జారింది.

దానికి ఏడాదిన్నర ముందు, 2023 నవంబరు 13న, దీపావళి మరునాడు, అదే నగరంలో నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్టుమెంటులో తొమ్మిదిమంది చనిపోయారు. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిలువచేశారు. పైన సంసారాలు, కింద ఇంధనం. పురోచనుడు రహస్యంగా చేసిన పని ఇక్కడ అందరి కళ్ళ ఎదుట జరిగింది. అలాంటి కట్టడాలకు చట్టం పట్టు కూడ పలుచనే. 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం నివాసభవనం ఎత్తు 18 మీటర్లు దాటితేనే ఆ శాఖ నిరభ్యంతర పత్రం అవసరమవుతుంది. మన పట్టణాల్లోని నాలుగంతస్తుల ఇళ్ళలో అధికభాగం ఆ గీతకు దిగువనే ఆగిపోతాయి. పొగకు మాత్రం ఆ గీత తెలియదు.

ఇక నిషాదులవంటి వారి సంగతి. 2022 మార్చి 23 వేకువజామున సికింద్రాబాదు బోయిగూడలో తుక్కు గోదాముపై గదిలో పడుకున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. ఒకడు కిటికీలోంచి దూకి బ్రతికాడు. పరిహారం ఇచ్చారు, మృతదేహాలను స్వస్థలాలకు పంపారు. కొరవడినది అది కాదు. గుల్జార్ హౌజ్ కుటుంబం మూడు తరాల వంశవృక్షం మనకు పత్రికల్లో కనబడింది. బోయిగూడ వారు ‘పదకొండుమంది వలస కార్మికులు’గానే మిగిలారు. పనిచేసే గోదాములోనే నిద్రపోవలసి రావడం ఎందుకు, కిందికి దిగే దారి ఆ తుక్కు మధ్యనుంచే ఎందుకు అన్న ప్రశ్నలు వారి పేర్లతోపాటే వెళ్ళిపోయాయి. ఆ నిషాద స్త్రీ కాలప్రేరణ వల్ల అన్నార్థియై వచ్చిందని వ్యాసుడు అంటాడు. మన పత్రికలు ‘విధి వక్రించింది’ అంటాయి. ఆకలిని కాలమనీ, ఇరుకు దారిని విధి అనీ పిలిచినంతకాలం కారణాన్ని వెదకే పని ఉండదు.

పేర్లు చదివితే ఒరిగేదేమిటని అడిగేవారున్నారు. లండనులో 2017 జూన్ 14న 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది మరణించారు. నాలుగవ అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, భవనానికి బయట తొడిగిన పలకల్లోని ప్లాస్టిక్ మూలంగా పైకంటా ప్రాకింది. లక్క పూత అంటే మరేమిటి? ఆ భవనంలో అనేక దేశాలనుంచి వచ్చిన సామాన్యులు ఉండేవారు. మృతుల సంఖ్య తేలడానికి నెలలు పట్టింది. ఆ వ్యవధిలో, ప్రభుత్వం అసలు లెక్క దాస్తున్నదని చాలామంది అనుమానించారు. ‘మా చావును ఎవరైనా లెక్కిస్తారా’ అన్న పాత భయం నుంచి పుట్టిన అనుమానమది. 2018 మేలో విచారణసంఘం సాంకేతిక సాక్ష్యాలకు ముందు దాదాపు రెండు వారాలపాటు మృతుల కుటుంబాల మాటలు విన్నది. ఒక్కొక్కరు ఎవరు, ఏమి ఇష్టపడేవారు, ఆ ఇంట్లోకి ఎలా వచ్చారు. తరువాతనే పలకల చర్చ. ఆ వరుసలో ఒక విలువ ఉన్నదని నా అభిప్రాయం. మనిషి తెలిసిన తరువాత పలక గురించి అడిగే ప్రశ్నకు పదును వస్తుంది. 2024 సెప్టెంబరులో వెలువడిన తుది నివేదిక ఆ మరణాలన్నీ నివారించదగినవేనని తేల్చింది. ప్రమాదం తరువాత నెలనెలా 14వ తేదీన అక్కడి ప్రజలు నినాదాలు లేకుండా మౌనంగా నడిచారు. అంత ఓపికగల కోపం అరుదు.

ఇంకొక సంగతి ఉన్నది, అది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఆ భవనంలో నివాసుల బృందం ఒకటి ప్రమాదానికి ముందే హెచ్చరించింది. పెద్ద విపత్తు జరిగితే తప్ప ఎవరూ వినరని కూడ వ్రాసింది. పోయిన తరువాత పుట్టే ప్రజాగ్రహానికి, ముందే చెప్పినవారి ఒంటరితనానికి మధ్య ఇంత దూరం ఎందుకు?

దుర్గ్–భిలాయిలో బ్రతికేవారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిననాటినుంచి ఈ ఊరికి నిప్పే అన్నం పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి వచ్చిన వేలాది తెలుగు కుటుంబాలు దాని చుట్టూ స్థిరపడ్డాయి. 2014 జూన్ 12న ప్లాంటులో విషవాయువు సోకి ఆరుగురు మరణించారు. వారిలో ఉన్నతాధికారులు ఇద్దరు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల వాయుగొట్టం వద్ద మంటలు చెలరేగి పదిమందికి పైగా పోయారు. వారిలో ప్లాంటు అగ్నిమాపక సిబ్బంది కూడ ఉన్నారు. వెంటనే ముఖ్య కార్యనిర్వహణాధికారిని తొలగించారు, ఇద్దరు అధికారులను సస్పెండు చేశారు. ఊరికి కొంత ఉపశమనం కలిగింది. దోషి దొరికితే కోపానికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, అది అక్కడే కునుకు తీస్తుంది కూడ. ఇలాంటి వార్త రాగానే కాలనీల్లో మొదట వినబడే ప్రశ్న ‘పర్మనెంటా, కాంట్రాక్టా?’ అన్నది. అడిగేవారిలో చెడు తలంపు ఏమీ ఉండదు. ఎంత ఏడవాలో తెలుసుకోవడానికే అడుగుతారు.

అయినా కర్మాగారంలో ఒక మంచి పద్ధతి ఉన్నది. తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడ ప్రమాదంగానే కాగితం మీద పెట్టాలి. ఎవరికీ దెబ్బ తగలకపోయినా సరే, జారిన బోల్టు, కారిన గొట్టం నమోదు కావాలి. అంటే ఇంకా చనిపోని మనిషిని గురించి ముందే ఆందోళన చెందడం. అదే మనిషి షిఫ్టు దిగి ఇంటికి వచ్చాక, మీటరు బోర్డులో పొగ వస్తే ‘దేవుడు కాపాడాడు’ అని దండం పెట్టి తలుపు వేసుకుంటాడు. మెట్లమీద స్కూటర్లు, గ్యాస్ బండలు తీయమన్నవాడికి అపార్టుమెంటులో తగవులమారి అని పేరు. అద్దెకున్నవాడైతే ఆ మాటకూ హక్కు లేదు. చెప్పకపోవడం వారి తప్పని అనరాదు. ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయం నిప్పుకన్న దగ్గరగా ఉంటుంది. ‘ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట’ అని మనవారు అన్నది క్రూరుణ్ణి గురించే అనుకుంటాము. చుట్ట అడిగినవాడు క్రూరుడు కాకపోవచ్చు. కాలుతున్నది తన ఇల్లు కాదనుకున్నాడు, అంతే.

గుల్జార్ హౌజ్ వార్త వచ్చిన తరువాతి ఆదివారం ఇక్కడి ఒక బహుళాంతస్తుల భవనం నివాసుల సమావేశంలో ఒక పెద్దాయన లేచి, డాబా తలుపు తాళంచెవి రాత్రిపూట ఎవరివద్ద ఉంటుందని అడిగారు. కాపలావాని దగ్గరని ఒకరు, అతడు సెలవులో ఉన్నాడని మరొకరు చెప్పారు. కార్యదర్శి ఆ ప్రశ్నను పుస్తకంలో వ్రాసుకున్నారు. తరువాతి అంశం నీటి ట్యాంకరు ఖర్చు.