చిన్ననాటి చెలిమి

చిన్ననాడు ఒకే బల్లపై కూర్చున్నవానికి మానవుడు పెద్దతనమున ఏమైనను ఋణపడియుండునా? ఈ ప్రశ్న నేడు ఇంటింటికిని వచ్చినది. 2004లో అమెరికాలోని హార్వర్డ్ విద్యార్థులకై వెలసిన ఫేస్‌బుక్ 2006లో పదుమూడేండ్లు నిండిన వారందరికిని అందుబాటులోనికి వచ్చెను. 2009లో వచ్చిన వాట్సాప్‌లో నేడు పదవ తరగతి సహాధ్యాయులు ఊరూర బృందములుగా కూడుచున్నారు. పాత పాఠశాలలో ఆత్మీయ సమ్మేళనము జరిపి, గురువులకు శాలువలు కప్పుచున్నారు. మెచ్చదగినదే. అయితే ఆ బృందమున ఒకడు మాటాడక యుండును. తోడివారి నూతన గృహముల ఛాయాచిత్రములు చూచును. చందా ఎంతయో చదువును. సమ్మేళనమునాడు జ్వరమని వ్రాయును.

వానికి ఋణపడినదేమియు లేదనియే ద్రుపదుని మతము. భరద్వాజాశ్రమమున ద్రోణునితో ఆడి, చదివిన ఆ రాజు, పేదయై వచ్చిన సఖుని చూచి, సమానులకే గాని సఖ్యము పొసగదనెను. ద్రోణుడును ఆ మాటనే నమ్మెను కాబోలు! శిష్యులచే ద్రుపదుని బంధింపజేసి, అర్ధరాజ్యము గైకొని, సమానులమైతిమి గనుక ఇక మిత్రులమనెను. అవమానించినవాడును, అవమానము పొందినవాడును ఒకే కొలబద్దను పట్టుకొనిరి.

ద్వారకలో ఆ కొలబద్ద లేదు. సంస్కృత భాగవత దశమస్కంధమున ఆ బ్రాహ్మణునికి పేరైనను లేదు. కుచేల శబ్దము చినిగిన వస్త్రముల వాడను విశేషణము మాత్రమే. ఆయన వచ్చినది దారిద్ర్యమువలన, భార్య ప్రేరణచేత. దీనిని దాచనక్కరలేదు. అవసరము కొంత, ఆపేక్ష కొంత కలసియే మనుష్యుడు పాత వాకిలి తట్టును.

స్వామి ఏల వచ్చితివని అడుగలేదు. పాదములు కడిగెను. సాందీపని గురుకులమున కట్టెలకై అడవికి పోయి, అకాలవర్షమున చిక్కుకొనిన రాత్రిని జ్ఞప్తికి దెచ్చెను. ఆ చీకటిలో సహాధ్యాయులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరుగాడిరి. తెల్లవారగా గురువు వెదకుచు వచ్చెను. ఆ రాత్రి అడవిలో రాజు లేడు, పేద లేడు. తడిసిన బాలురే యుండిరి. ఆ మాటలైన తరువాతనే, తన కేమి తెచ్చితివని అడిగి, ఆయన సిగ్గుతో దాచిన అటుకులను స్వామి తానే లాగికొనెను. ఇరుగుపొరుగున యాచించి తెచ్చిన నాలుగు పిడికిళ్లవి! వచ్చినవానిని ముందు దాతగా నిలిపి, పిదప తాను ఇచ్చెను. అదియును ఎదుట ఇయ్యలేదు. కుచేలుడు వట్టిచేతులతోనే, సంతోషముతోనే మరలెను. సంపద ఇల్లు చేరిన పిమ్మటనే కానవచ్చెను.

నేడు సాయము చేయువారు కొందరు, పొందువాని పేరును, ఇచ్చిన మొత్తమును బృందమున ప్రకటింతురు. వాని అప్పు తీరవచ్చును. వాడు మరల అచ్చట నోరు విప్పడు. ఒక సాయంకాలము వానికి మాత్రమే ఫోను చేసి, నాడు బడి విడిచిన వేళ వాన కురియగా ఎవరి గొడుగు క్రింద ఇల్లు చేరినదియు అడుగవచ్చును. ఆ సంగతి వానికే బాగుగ జ్ఞాపకముండును.