యాయీరు ఇంటి పాఠము

(మార్కు 5: 21–43 చదువుకొనుడి)



పగలంతయు కొద్దిపాటి జలుబుతో ఆడుకొనిన బిడ్డ నడిరాత్రి కుక్క మొరిగినట్లు దగ్గుచు లేచును. గొంతు బొంగురుపోవును. గాలి పీల్చునప్పుడు కూత వంటి శబ్దము వచ్చును. మన కొండాపురము పల్లెలలో ఏ తల్లి గుండె అదరదు? వైద్యులు దీనిని క్రూపు అందురు. ఆరు నెలలు మొదలు మూడేండ్ల వరకు గల పిల్లలకు ఇది తరచుగా వచ్చును. వైరసు వలన గొంతు దిగువ గాలిగొట్టము వాచి, దారి ఇరుకగును. ఇది దిష్టి కాదు, ఎవరి పాపఫలమును కాదు.

యాయీరు ఇంట మన ప్రభువు మొదట గోల చేయువారిని వెలుపలికి పంపెను. తలిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే ఉండనిచ్చెను. మనమును అట్లే చేయుదము. బిడ్డ ఏడ్చినకొలది ఊపిరి మరింత కష్టమగును. గనుక తల్లి బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొని మెల్లగా ఓదార్చవలెను. పొయ్యి పొగ, బీడీ పొగ దరి చేరనీయరాదు. గొంతులో వేలు పెట్టి చూడరాదు. మరిగిన నీటి ఆవిరి పట్టినయెడల ఒళ్లు కాలును గాని మేలు కలుగదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు.

ప్రభువు ఆ చిన్నదానికి ఆహారము పెట్టుమని చెప్పుట మరువలేదు. మనమును చనుబాలో, నీళ్లో కొద్దికొద్దిగా త్రాగింపవలెను. పెక్కుమందికి రెండు మూడు రాత్రులలో ఇది తగ్గిపోవును.

అయితే యాయీరు ఇంట కూర్చుండి ప్రార్థించి ఊరకుండెనా? లేదు. సమాజమందిరపు అధికారియైనను లేచి వెళ్లి పాదములమీద పడెను. ఇక లాభము లేదన్నవారి మాట విని వెనుకకు తిరుగలేదు. ఆసుపత్రికి పోవుట అవిశ్వాసమని కొందరు అందురు. అది సరి కాదు. లండను మిషను వారు జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నెలకొల్పినది ప్రభువు నామముననే గదా!

బిడ్డ ఊరక ఉన్నప్పుడును కూత వినబడినను, డొక్కలు లోనికి పీల్చుకొనుచున్నను, చొంగ కారుచు మ్రింగలేకున్నను, పెదవులు నీలమైనను, మగతగా పడియున్నను తెల్లవారువరకు ఆగవద్దు. 2005 నుండి మన రాష్ట్రమున 108 వాహనము ఉన్నది, వెంటనే పిలువుడి. అచ్చట డెక్సామెథసోను అను మందు ఒక్క మోతాదు వాపును తగ్గించును. కంఠసర్పి కూడ ఇట్టి ఊపిరి కష్టమునే తెచ్చును గనుక 6, 10, 14 వారములకు వేయు టీకాలు తప్పింపవద్దు.

ఒడిలో నెమ్మదియు, కాళ్లలో త్వరయు కలిగియుండుటయే తలిదండ్రుల విశ్వాసము. ప్రభువు మన పసిబిడ్డలను కాపాడునుగాక. ఆమేన్.