అభిప్రాయ ప్రకటనలో భయం, వ్యూహం: తొలినాటి తెలుగు పత్రికల నుంచి ఒక పరిశీలన

అభిప్రాయం కలిగి ఉండటానికీ దానిని అచ్చు వేయించటానికీ మధ్య ఉన్న దూరాన్ని మన సాహిత్య చరిత్రలు సాధారణంగా రచయిత ధైర్యంతో కొలుస్తాయి. వీరేశలింగం నిర్భీకుడు, గురజాడ సాహసి, గిడుగు పట్టుదల గలవాడు అన్న విశేషణాలతో ఆ చర్చ ముగుస్తుంది. ఈ విశేషణాలు అసత్యాలు కావు. అయితే వాటి చాటున కొన్ని ప్రశ్నలు అడగకుండానే మిగిలిపోతున్నాయి. ఆ నిర్భయత్వానికి కాగితం ఎవరు కొన్నారు? అచ్చుయంత్రం ఎవరిది? చందాదారుడు అలిగి పత్రికను తిప్పి పంపితే మరుసటి సంచిక ఏ సొమ్ముతో వెలువడింది? రచన, ప్రచురణ కలిసిన వృత్తికి వ్యాపార వ్యూహం కావాలన్న మాట సాహిత్య విద్యార్థుల చెవికి కటువుగానే వినిపిస్తుంది. కాని ఆ వ్యూహం లేనిచోట ప్రకటిత అభిప్రాయం ఎంతకాలం నిలవగలదన్నది నైతిక విచారణలో భాగమేనని నా భావన.

1874లో వివేకవర్ధని ప్రారంభించిన నాటికి కందుకూరి వీరేశలింగానికి సొంత ముద్రణాలయం లేదు. పత్రిక చెన్నపట్నంలో అచ్చయి రావలసి వచ్చేది. తరువాత మిత్రులతో కలిసి ఆయన రాజమహేంద్రవరంలో ముద్రణాలయాన్ని నెలకొల్పుకున్నారు. జీవిత చరిత్రకారులు దీనిని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగుతారు. ఆయన సంస్కరణోద్యమ చరిత్రలో ఇది వితంతు వివాహాలంత ముఖ్యమైన ఘట్టమని నేననుకుంటున్నాను. ఒక వ్యాసాన్ని చూసి రచయితకంటె ముందు భయపడేవాడు ముద్రాపకుడు. అతడు కాదనవలసిన పని కూడా లేదు, ఆలస్యం చేస్తే చాలు. లంచగొండి ఉద్యోగులను, న్యాయవాదులను ఎండగట్టదలచిన పత్రికకు ఆ ఆలస్యం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. ప్రహసనాలకు హాస్యసంజీవనిని వేదిక చేసుకోవటం, 1878లో రాజశేఖర చరిత్రను వివేకవర్ధనిలో ధారావాహికగా ప్రకటించటం కూడా ఈ దృష్టితోనే చూడదగినవి. కథకోసం పత్రిక తెరిచిన పాఠకుడు సంస్కరణ వ్యాసాన్ని కూడా చూడక తప్పదు.

అయితే ఈ ఏర్పాటుకు మరో పక్కన్నది. ఆయన ప్రభుత్వ కళాశాలలో పండితుడు. పాఠ్యపుస్తకాల రచయిత. కులపెద్దల ఆగ్రహాన్ని లెక్కచేయకుండా నిలబడటానికి ఆ జీతమూ ఆ పుస్తకాల ఆదాయమూ తోడ్పడి ఉండాలి. ఆంగ్ల పాలనపట్ల ఆయన చూపిన విశ్వాసాన్ని ఆ జీతానికి మాత్రమే ముడిపెట్టటం అన్యాయం. ఆనాటి సంస్కర్తలలో పలువురికి ఆ విశ్వాసం నిజమైనదే. అయినా ప్రతి వ్యూహమూ ఒక భయాన్ని తీసివేసేటప్పుడు మరొక దిక్కున కొంత మొగమాటాన్ని మిగులుస్తుందేమోనన్న అనుమానం కలుగుతుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఈ చిక్కును మరో దారిలో విప్పారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలైంది. సంగీతసభలలో ఉచితంగా పంచి ఆ మందును జనానికి అలవాటు చేశారని ప్రసిద్ధి. 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. తలనొప్పికి మందు కొనేవాడికి సంపాదకుడి రాజకీయాలతో పనిలేదు. అందువల్ల ఆ సొమ్ము జమీందారు పోషణవలెగాని ప్రభుత్వ జీతంవలెగాని కలాన్ని నిలదీయదు. భారతి పుటలలో సాగిన భాషా సాహిత్య వివాదాలను ఉదాహరించకుండా నేడు మనం ఒక సిద్ధాంతవ్యాసం పూర్తిచేయలేము. మన పరిశోధన ఆ పసుపురంగు మందుకు ఎంత రుణపడి ఉన్నదో లెక్క కట్టినవారు తక్కువ.

వ్యూహానికి హద్దు కూడా ఉన్నది. 1908లోనే స్వరాజ్య పత్రికలో వెలువడిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేళ్ల జైలుశిక్ష అనుభవించారు. ఏ ఆదాయ మార్గమూ ఆయనను ఆ శిక్షనుంచి తప్పించగలిగేది కాదు. మరింత మెత్తగా రాసి ఉండవలసిందని ఎవరైనా అంటే, అది వ్యూహబోధ అనిపించుకోదు.

మరి వ్యూహాన్నీ పిరికితనాన్నీ వేరుచేయటం ఎట్లా? గురజాడ 1914 నాటి అసమ్మతి పత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో ఆయన పక్షం మైనారిటీ. ఆయన తన వాదాన్ని సంఘ సభ్యుడి హోదాలోనే, అధికారులు చదివే ఆంగ్లంలో, నమోదు కాక తప్పని రూపంలో రాశారు. కాలం, వేదిక, భాష, రూపం అన్నీ లెక్క చూసి ఎంచుకున్నవే. వాదం మాత్రం పలచబడలేదు. వ్యూహం చెప్పే తీరును మారుస్తుంది, భయం చెప్పే విషయాన్నే మారుస్తుంది అని స్థూలంగా అనవచ్చు. స్థూలంగా అనటం ఎందుకంటే, అదను కోసం ఆగే అభిప్రాయం ఎన్నేళ్లు ఆగితే లేనట్టే అవుతుందో ఈ సూత్రం చెప్పదు.

పరిశోధకులమైన మనకు జైలు లేదు, వెలి లేదు. పరీక్షకులున్నారు, ఇంటర్వ్యూలున్నాయి. 2016 నాటి యుజిసి నిబంధనలు సిద్ధాంతవ్యాసం సమర్పించేలోగా ఒక వ్యాసం ప్రచురించి తీరాలన్నాయి. 2022లో ఆ నిర్బంధం పోయింది. నిర్బంధం ఉన్నా లేకున్నా ‘అని కొందరి అభిప్రాయం’ అన్న పదబంధం మాత్రం మన వ్యాసాలలో పదిలంగా ఉన్నది. పెద్దలు నొచ్చుకుంటారన్న జంకు దీనికి ఒక కారణం. అంతకంటె లోతైన కారణం అచ్చయిన మాటకు జీవితాంతం కట్టుబడవలసి వస్తుందన్న బెదురు. ఈ బెదురుకు వీరేశలింగం జీవితంలోనే జవాబున్నది. గ్రాంథికంలో విగ్రహం రాసిన ఆ రచయిత, 1919లో, డెబ్బై ఏళ్ల వయస్సులో, మరణానికి కొద్ది నెలల ముందు, వ్యావహారిక భాషకోసం ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించారు. నాలుగు దశాబ్దాల తన అచ్చు అంతా ఎదురుగా ఉండగానే ఆ పీఠం మీద కూర్చున్నారు.

నా సిద్ధాంతవ్యాసం రెండవ అధ్యాయంలో ‘కొందరి అభిప్రాయం’ అన్న మాట ఏడుచోట్ల ఉన్నది. మూడుచోట్ల ఆ కొందరి పేర్లు చెప్పగలను. తక్కిన నాలుగుచోట్ల ఆ కొందరు నేనే. ఈ వ్యాసం రాస్తూ వాటిలో రెండింటిని ఉత్తమ పురుషలోకి మార్చాను.