రెండవ మేజోడు

పరులు చూచుచోట పనిని చక్కగా చేయుట, చూడనిచోట ఏదో విధముగ ముగించుట లోకమున సామాన్యము. ఇది ధర్మదృష్టిచే దోషమగునా, వ్యవహారమున క్షమింపదగినదా అనునది విచారణీయము. ఇట్టి విషయము పెద్ద కార్యములకంటె చిన్న పనియందే స్పష్టముగ తెలియును.

భాగ్యనగరమున జూబిలీహిల్స్‌యందలి ఒక గృహిణి, బదరీయాత్రకు బయలుదేరు అత్తగారికై ఉన్ని మేజోళ్ళు స్వయముగ అల్ల సంకల్పించినదని భావింపుడు. 108 దివ్యదేశములలో ఒకటియగు బదరి సుమారు 3,100 మీటర్ల ఎత్తున నున్నది. అచటి చలికి వృద్ధుల పాదములు ఓర్వజాలవు.

ఉన్ని దారమును గోరువెచ్చని నీట కడిగి, పటిక నీట నానబెట్టి, పిమ్మట మంజిష్ఠ కషాయముననుంచి సన్నని సెగపై కాచవలెను. పటిక లేనిచో రంగు గట్టిగ నిలువదు. తొందరపడి మరిగించి కలియబెట్టినను, వేడినుండి తీసి చన్నీట ముంచినను ఉన్ని ముద్దగట్టి కుదించుకొనిపోవును. రెండు మేజోళ్ళకును కావలసిన దారమును ఒకే పాత్రలో ఒకేసారి అద్దవలెను. లేనిచో ఛాయాభేదము తప్పదు.

మొదటి మేజోడు ఉత్సాహముతో సాగును. మడమ వంపు తిరుగుట చూచి చేతులకే వేడుక కలుగును. అది ముగిసిన పిమ్మట మరల అవే కుట్లు, అవే వరుసలు. మనస్సు విసుగుచెందునది ఇచటనే. మొదటిదానిని అల్లినది కుతూహలము. రెండవదానిని అల్లవలసినది ధర్మము. "బజారున దొరకునుగదా! మడమ లోపలి ముడిని ఎవరు చూతురు?" అని అప్పుడు బుద్ధి సాకులు వెదకును.

ఈ వాదమునకు సమీపముననున్న ఫిలింనగర్ దృష్టాంతమును చూపువారు గలరు. 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసిన పిమ్మట ఈ కొండప్రాంతమున చలనచిత్రపరిశ్రమ విస్తరిల్లినది. సెట్టులో రాజభవనమునకు ముందువైపు బంగారు పూత, వెనుకవైపు కొయ్య చట్రములు. కెమెరా చూడని వైపును అలంకరింపకుండుట మోసమగునా యని వారి ప్రశ్న.

కాదు. ఆ గోడ కంటికొరకు కట్టబడినది. కన్ను చేరనిచోట పూతకు పని లేదు. అయినను వెనుక చట్రమునకు మేకు సరిగ దిగనిచో, ముందు నిలిచిన నటునిపై గోడ కూలును. కావున "ఇది కనబడునా?" అను ప్రశ్న చాలదు. "ఇది ఎవరికొరకు? లోపమున్నచో వారికేమగును?" అని అడుగవలెను. మేజోడు పాదముకొరకు. పాదమునకు కన్నులు లేవు. కాని చూపరులకు తెలియని చిన్న ముడిని అది మొదటి మైలులోనే గుర్తించును. ఇంట అందరు మెచ్చిన రంగు, కొండదారిలో లేచిన బొబ్బను మాన్పదు.

బజారున కొనుట దోషము కాదు. తానే అల్లెదనని పూనుకొని, సగమున శ్రద్ధను విడిచి, సంపూర్ణమైనదానివలె పెద్దల చేతికిచ్చుట దోషము.

బదరియందే దీనికి దివ్యమైన నిదర్శనము కలదు. ఏటేట శీతకాలమున ఆలయద్వారములు మూయుటకు ముందు, సమీపమందలి మానా గ్రామ స్త్రీలు ఉన్ని కంబళమును ఒక్క దినముననే నేసి సమర్పింతురు. దానిని నేతితో తడిపి స్వామికి కప్పుదురు. పిమ్మట సుమారు ఆరు నెలలు తలుపులు తెరువబడవు. ఆ నేతను చూచు యాత్రికుడు లేడు, పొగడు నోరు లేదు. స్వామి యొక్కడే ఎరుగును. తలుపులు తెరచిననాడు ఆ కంబళపు పోగులే భక్తులకు ప్రసాదమగును.

సర్వాంతర్యామియగు శ్రీమన్నారాయణునకు లోపలివైపు, వెలుపలివైపు అను భేదము లేదు. మనము వెలుపలినుండి చూచు మేజోటిని ఆయన అత్తగారి పాదములోనుండి చూచును. ఈ యెరుక గలవారికి చూడనిచోటు అనునది మిగులదు.

ప్రతి గృహమునందును రెండవ మేజోడు ఒకటి యుండును. మంచమెక్కిన పెద్దలకు మొదటి దినమున చేయు సేవ జాలిచేతనే జరిగిపోవును. నలుబదవ దినమున, బంధువులెవ్వరును రానివేళ, అదే గంజిని అదే వెచ్చదనముతో అందించు చేయి భగవత్కైంకర్యమున నున్నదని గ్రహింపవలెను.