నీ సంగతి కూడా చెప్పమ్మా



నిన్న ఫోన్లో "నువ్వెలా ఉన్నావే?" అని అడిగితే "నాకేమైంది అమ్మమ్మా, జబ్బు తమ్ముడికి కదా" అన్నావు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం.

అమ్మ తమ్ముణ్ణి పెట్టుకుని హైదరాబాదులో, బసవతారకం ఆసుపత్రిలో ఉంది. నాన్న కళ్లంలో మిరపకాయ ఎండబెట్టుకోవాలి, మంచు పడకుండా రాత్రిళ్లు పట్టాలు కప్పుకోవాలి, టిక్కీలు గుంటూరు యార్డుకు తోలి ఆ డబ్బుతో మళ్లీ బస్సెక్కాలి. ఇంట్లో మిగిలింది నువ్వూ నాయనమ్మా. తొమ్మిదో తరగతి చదువుకుంటూ కోత కూలీలకు కూర కూడా వండుతున్నావట. ఊళ్లో అందరూ "పిల్ల బంగారం, పేచీ అనేది ఎరగదు" అంటున్నారు. ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పేచీ పెట్టని పిల్లను చూస్తే నాకు దిగులు. వెనక బెంచీలో అల్లరి చేసేవాడి బాధ టీచరుకు తెలుస్తుంది. అన్నీ సరిగ్గా రాసుకొచ్చి తలొంచుకు కూర్చునే పిల్ల బాధ ఎవరి కంటా పడదు.

నువ్వు చెప్పలేకపోయినవి నేనే చెప్తాను. తప్పయితే కొట్టెయ్యి.

తమ్ముడికి అడిగిన బొమ్మల్లా కొన్నారు. నీ పుట్టినరోజు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. కోపం వచ్చి ఉంటుంది, అదీ వాడి మీదే. ఆ వెంటనే "అంత జబ్బులో ఉన్నవాడి మీద ఇదేం బుద్ధి" అని నిన్ను నువ్వు తిట్టుకుని ఉంటావు. అది పాపం కాదమ్మా. అమ్మ కావాలనిపించడం తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కోవడం కాదు. ఆ కోపాన్ని దాచిపెట్టి, నీకసలు ఏమీ అక్కర్లేదన్నట్టు బతకడం నేర్చుకుంటే మాత్రం నేను ఊరుకోను.

రెండోది ఇంకా బరువైనది. సంక్రాంతి ముందు పోట్లాడుకుని వాణ్ణి కాయల కుప్ప మీదకి తోశానని, తర్వాతే జ్వరం మొదలైందని నాయనమ్మ దగ్గర ఏడ్చావట. తోస్తే రక్త క్యాన్సర్ రాదు. తిట్టినా రాదు, దిష్టి తగిలినా రాదు. మీ నాన్న లోపల్లోపల పురుగుమందుల్ని తలుచుకుని కుమిలిపోతున్నాడు. వాటి గురించి పరిశోధనలు సాగుతున్నాయి కానీ, ఫలానా బిడ్డకు ఫలానా దానివల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కూడా కాదు. వాడి పక్కన పడుకున్నా నీకు రాదు.

మొన్న వచ్చినప్పుడు వాడు నీ చెయ్యి కొరికాడు కదా. అప్పుడు వాడుతున్నవి స్టిరాయిడ్ బిళ్లలు. వాటికి మొహం ఉబ్బుతుంది, ఆకలి ఆగదు, చిరాకు పెరుగుతుంది. అది నీ మీద కోపం కాదు. అలాగని కొరికించుకుంటూ కూర్చోమని చెప్పను. మునుపటిలాగే కసురు. అందరూ దేవుడిలా చూస్తుంటే అంత చిన్నవాడికి భయమేస్తుంది. వాడితో తగవులాడే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

వాడి మందుల చీటీలో మెథోట్రెక్సేట్ అని ఉంటుంది చూడు. దాని వెనక మనవాడొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. తిండి ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బుతో అన్న పురుషోత్తం పోయాడు. అమెరికా వెళ్లి లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అదే మందయింది. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది రక్త క్యాన్సర్ పిల్లలకిస్తే పదిమందికి కొంతకాలం జబ్బు తగ్గింది. 1948లో ఆ సంగతి అచ్చయింది. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. సుబ్బారావు అదే ఏడు కన్నుమూశాడు.

నువ్వూ అంతటిదానివి కావాలని ఇది చెప్పడం లేదు. నీ నెత్తిన ఉన్న బరువు చాలు. చెప్పింది ఇంకొకందుకు. ఆ మందు పుచ్చుకున్న తొలి పిల్లల్లో రెండేళ్లవాడొకడికి కవల సోదరుడున్నాడు. మందు పనిచేసిన రోజుల్లో ఇద్దరూ మళ్లీ సమానంగా అడుగులేశారని రాశారు. ఆ రెండోవాడి మనసులో ఏముందో నేను చదివిన చోట లేదు. తోబుట్టువుల సంగతి ఇప్పుడిప్పుడే అడుగుతున్నారు. 2015లో నిపుణులు క్యాన్సర్ పిల్లల మానసిక సంరక్షణకు 15 ప్రమాణాలు రాస్తే, అందులో ఒకటి తోబుట్టువులకు అందాల్సిన ఆసరా గురించే.

"తమ్ముడు బతుకుతాడా?" అని ఎవరినీ అడగలేక ఉన్నావు. ఫార్బర్ కాలంలో ఆ ఉపశమనం నెలలే. ఇప్పుడు రకరకాల మందులు కలిపి రెండు మూడేళ్లు ఇస్తున్నారు. వాడికొచ్చిన రకం జబ్బులో వైద్యం మధ్యలో మానకుండా సాగిస్తే చాలామంది పిల్లలు నయమై పెద్దవాళ్లవుతున్నారు. అందరూ అని మాత్రం అనను. నీకు అబద్ధం చెప్పను.

ఎప్పుడైనా మూలుగ మార్పిడి అవసరమై నీ రక్తం పరీక్షించి, సరిపోలేదంటే కుంగిపోకు. తోడబుట్టినవాళ్లకు పూర్తిగా కుదిరే అవకాశం నాలుగో వంతే. చాలామందికి ఆ అవసరమే రాదు. బళ్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే మాత్రం వెంటనే అమ్మకు చెప్పు. వాడి ఒంట్లో ఇప్పుడు దాన్ని తట్టుకునే శక్తి లేదు. డాక్టరు సరేననేదాకా వాడికి దూరంగా ఉండు. వాడికి నువ్వు చేయగల పెద్ద సాయాల్లో ఇదొకటి.

మీ అమ్మతో మాట్లాడాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి నీకు ఫోను చేస్తుంది. ఆ పది నిమిషాలూ తమ్ముడి సంగతులు మాట్లాడకూడదని చెప్పాను. మీ లెక్కల మేడంకు నీ పరిస్థితి చెప్పమని నాన్నకూ చెప్పాను. అర్ధరాత్రి గుండె దడ పుట్టి ఎవరినీ లేపలేకపోతే 14416కు ఫోను చెయ్యి. టెలీ మానస్ వాళ్లు డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. నాకు చేసినా సరే, ఏ వేళైనా తీస్తాను.

ఆదివారం మీ ఊరు పర్చూరు వస్తున్నాను. కూలీల వంట నేను చూసుకుంటాను. నువ్వు నీ స్నేహితురాలింటికి వెళ్లు, పొద్దుగూకే దాకా రావద్దు.

మీ చిన్నమ్మమ్మ